అమ్మాయి రూమ్మేట్ డిటైన్ అయితే...

మొన్న ఆదివారం మధ్యాహ్నం పప్పుకి తాలింపు పెడుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది. తను ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలోకి వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. మామూలుగా దాని ఆదివారం ఫోన్ అంటే డబ్బులు అయిపోయాయనో, మెస్సులో మళ్ళీ వంకాయే అనో. ఈసారి అది కాదు.

"అమ్మా, మా రూమ్మేట్ టూ-వన్‌లో డిటైన్ అయ్యింది కదా. ఇప్పుడు జూనియర్స్‌తో మళ్ళీ జాయిన్ అవుతోంది. హాస్టల్‌కి వచ్చేస్తోంది. మీ రూములోనే ఉంచమంటారా, జూనియర్స్ రూముకి పంపమంటారా అని వార్డెన్ మేడమ్ మమ్మల్ని అడుగుతున్నారు."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది. "జూనియర్స్ దగ్గరే వెయ్యమను. థర్డ్ ఇయర్ అంటే మాటలా? నీ చదువు నువ్వు చూసుకో" అనేశాను. అది "సరేలే" అని పెట్టేసింది.

ఆ "సరేలే" ఎలాంటిదో పిల్లలున్న వాళ్ళకి చెప్పక్కర్లేదు. తాలింపు మాడింది. మళ్ళీ పెట్టాను. కానీ ఆ మాట నా నోట్లోంచి అంత తొందరగా ఎలా వచ్చిందా అని సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఎందుకంటే ఆ మాట నేను అనడం అది మొదటిసారి కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఒకసారి అన్నాను. ఇంచుమించు ఇవే మాటలు.

ఇంజనీరింగ్ సంగతి తెలియని వాళ్ళ కోసం డిటైన్ అంటే ఏమిటో చెప్తాను. ఫెయిలవడం వేరు, డిటైన్ అవడం వేరు. ఒక సబ్జెక్టు తప్పితే సప్లిమెంటరీ రాసుకోవచ్చు, పైతరగతి ఆగదు. కానీ హాజరు 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్యలో ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలే రాయనివ్వరు. ఇంటికెళ్ళి కూర్చుని, అదే సెమిస్టర్ మళ్ళీ వచ్చేదాకా ఆగి, వెనకాల బ్యాచ్ పిల్లలతో కలిసి చదవాలి. మా రోజుల్లో జేఎన్టీయూ కాలేజీల్లో ఇదే పద్ధతి, ఇప్పుడూ ఇదే.

నేను 2001లో చేరాను, ఈసీఈ. హైదరాబాదు ఊరి బయట కాలేజీ. అప్పట్లో అక్కడ బస్సు దిగితే కనుచూపు మేర రాళ్ళగుట్టలు, ఒక టీకొట్టు, ఒక జిరాక్స్ షాపు. హాస్టల్లో మా రూములో నాలుగు మంచాలు. ఒకరి పేర్లు ఒకరికి నోరు తిరగక ముందే ఊళ్ళ పేర్లు పెట్టేసుకున్నాం. నేను ఖమ్మం. మిగతా వాళ్ళు జగిత్యాల, మిర్యాలగూడ, నిర్మల్. నాలుగేళ్ళూ అవే పేర్లు. ఇప్పటికీ మిర్యాలగూడ అసలు పేరుతో ఫోన్ చేస్తే ఎవరో అనుకుంటాను.

మా రోజు ఎలా ఉండేదో తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. పొద్దున్నే బక్కెట్ల వరస. ఎవరు ముందు లేస్తే వాళ్ళు నాలుగు బక్కెట్లూ వరసలో పెట్టి రావాలి. ఉప్మా ఉన్న రోజు అందరికీ కడుపు నొప్పే! సంక్రాంతికి ఇళ్ళకెళ్ళి వస్తే జగిత్యాల డబ్బా నిండా సకినాలు తెచ్చేది, నాది ఆవకాయ జాడీ. రెండూ వారం దాటేవి కావు. ఫస్టియర్లో వర్క్‌షాపు ఉంటుంది కదా, ఫిట్టింగులో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీసి, అరగదీసి అరచేతులు బొబ్బలెక్కేవి. ఆ చేతులతో రాత్రి లాబ్ రికార్డులు. అక్షరం బాగున్న వాళ్ళు థియరీ రాస్తే, గీతలు బాగా గీసేవాళ్ళు గ్రాఫులు వేసేవాళ్ళు, మిగిలిన వాళ్ళు పేజీలకి బోర్డర్లు కొట్టేవాళ్ళు. నాలుగు రికార్డులు, నలుగురి చేతిరాత. ఏ రికార్డు ఎవరిదో పైన పేరు చూస్తే గానీ తెలిసేది కాదు. కాపీ కొట్టడం అంటారా? అనండి. నాకు మాత్రం ఆ నాలుగేళ్ళలో అర్థమైన చదువులో సగం ఆ రికార్డులు రాసే రాత్రుల్లోనే అర్థమైంది. లెక్చరర్ బోర్డు వైపు తిరిగి చెప్పుకుంటూ పోయింది ఒకటైతే, పక్కమంచం మీద కూర్చున్న పిల్ల "ఒసే, ఇది అంత లేదే, ఇలా చూడు" అని చెప్పింది ఇంకొకటి.

అలా చెప్పిన పిల్ల నిర్మల్.

ఇంజనీరింగ్ డ్రాయింగ్ నాకు ఏడుపు సబ్జెక్టు. మినీ డ్రాఫ్టర్ బోర్డుకి బిగించడానికే నాకు పావుగంట పట్టేది. ఘనాకారాల్ని కోస్తే కోసిన చోట ఏ ఆకారం వస్తుందో గీయాలి, నాకు బుర్రలో బొమ్మే కనబడేది కాదు. పరీక్షకి ముందు రోజు ఏడుస్తూ కూర్చుంటే నిర్మల్ మెస్సులోకెళ్ళి వంటామెని బతిమాలి రెండు లావుపాటి క్యారెట్లు తెచ్చింది. బ్లేడుతో ఒకటి అడ్డంగా కోసింది. "చూడు, గుండ్రం." కాస్త ఏటవాలుగా కోసింది. "సాగిన గుండ్రం, దీన్నే ఎలిప్స్ అంటున్నడు సారు." తర్వాత క్యారెట్టు పక్క వాలు ఎలా ఉందో సరిగ్గా ఆ వాలుకి సమానంగా కోసింది. "ఇది పారబోలా. గంతే." ఆ రెండు క్యారెట్లతో నేను పాసయ్యాను, ముక్కలు నలుగురం ఉప్పు చల్లుకుని తినేశాం. ఇప్పటికీ పులావుకి క్యారెట్ కోస్తున్నప్పుడు చేయి ఏటవాలుగా పోతే తనే గుర్తొస్తుంది.

నిర్మల్ పది దాకా తెలుగు మీడియం. లెక్కల్లో మా ముగ్గురికంటే చురుకు, ఇంగ్లీషులో జవాబు రాయాలంటే మాత్రం బెదురు. తన పెన్ను ఆగిపోయిన చోట మేము వాక్యం అందించేవాళ్ళం. మాకు లెక్క ఆగిపోయిన చోట తను. అందులో ఎవరు ఎవరికి బాకీయో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

టూ-టూలో వాళ్ళమ్మకి జబ్బు చేసింది. నాన్న లేరు, తమ్ముడు చిన్నవాడు. వారం అని వెళ్ళింది, నెల దాటింది. మధ్యలో వచ్చి పది రోజులుండి మళ్ళీ వెళ్ళింది. సెమిస్టర్ చివర బోర్డు మీద లిస్టు పెట్టారు. 61 శాతం. నాలుగు శాతం తక్కువైంది. ఆఫీసులో అడిగితే, జబ్బు నీకు కాదు కదమ్మా, నీ మెడికల్ సర్టిఫికెట్ ఉన్నా 65 దాటాల్సిందే అన్నారు. రూలు ప్రకారం వాళ్ళు చెప్పింది నిజమే. ఇంట్లో తల్లిని చూసుకోవడానికి కూతురే వెళ్ళాలి అన్న రూలు మాత్రం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, కానీ దాన్ని ఎవరూ మీరరు.

ఏప్రిల్‌లో పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ టూ-టూ మొదలయ్యేది డిసెంబర్లో. ఆ ఎనిమిది నెలల్లో నేను తనకి ఉత్తరాలు రాసింది రెండుసార్లు, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది ఒకసారి. అది కూడా రాత్రి పది దాటాక, రేటు తగ్గాక.

డిసెంబర్లో తిరిగొచ్చినప్పుడు మేం త్రీ-టూకి వచ్చాం. తన మంచం ఖాళీగానే ఉంది, దాని మీద మా డ్రాయింగ్ షీట్లు, ఉతికిన బట్టలు పడేసేవాళ్ళం. వార్డెన్ వచ్చి అడిగింది, మీ పాత ఫ్రెండే కదా, ఇక్కడే ఉంచమంటారా అని. అంతకు రెండు రోజుల ముందే మా నాన్న ఫోన్లో చెప్పారు, క్యాంపస్ ఇంటర్వ్యూల సంవత్సరం, చదివేవాళ్ళతోనే ఉండు తల్లీ అని. జగిత్యాల నా మొహం చూసింది. మిర్యాలగూడ కిటికీ వైపు చూసింది. ముందు నోరు తెరిచింది నేనే. "జూనియర్స్‌తో ఉంటే తనకే బాగుంటుందేమో మేడమ్, ఒకే సిలబస్ కదా."

తనకే బాగుంటుందట! ఎంత మర్యాదగా చెప్పానో చూడండి.

కింది అంతస్తులో వేశారు. మెస్సులో జూనియర్ల వరసలో ప్లేటు పట్టుకుని నిలబడి ఉండేది. మొదట్లో చెయ్యి ఊపేది. ఒకరోజు నేను నోటీసు బోర్డు చదువుతున్నట్టు నిలబడిపోయాను. ఆ బోర్డు మీద పాత మెస్ బిల్లుల లిస్టు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత తను చెయ్యి ఊపడం మానేసింది. 2005లో మా బ్యాచ్ ఫోటో తీసినప్పుడు అందులో తను లేదు, ఉండదు కదా.

ఇంతకీ అంత జాగ్రత్తగా కాపాడుకున్న చదువు ఏమైందంటారా? ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్. ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, చేరే తేదీ రాకముందే సంబంధం కుదిరింది. ఆ మార్కుల లిస్టు పెళ్ళిచూపుల్లో ఒకసారి అందరి చేతులూ తిరిగింది. ఇప్పుడు బీరువాలో పట్టుచీరల కింద ఉంది. ఇల్లు చూసుకుంటున్నందుకు నాకేం బాధ లేదు, అది వేరే సంగతి. కానీ ఆ కాగితం కోసం ఒక మనిషిని కింది అంతస్తుకి పంపాను అన్నది మాత్రం మింగుడు పడదు.

ఇప్పుడు మా ఇంట్లోదే ఇంకో కథ చెప్తాను. మా ఆయనది కూడా ఇంజనీరింగే. ఆయన ప్రాణస్నేహితుడు ఒకాయన ఉన్నాడు. పద్నాలుగు సప్లీలు. నాలుగేళ్ళ కోర్సు ఆరేళ్ళకి పూర్తి చేశాడు. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఈయన అతన్ని పరిచయం చేస్తూ "వీడు మా కాలేజీలో రికార్డు, పద్నాలుగు" అని గొప్పగా చెప్పారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇప్పటికీ వస్తాడు, ఆ పరీక్షల కథలే చెప్పుకుంటారు, మళ్ళీ నవ్వుతారు, నేను మూడోసారి టీ పెడతాను. మా మామగారికి ఆపరేషన్ అయినప్పుడు రెండు రాత్రులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నది అతనే. ఆ రోజుల్లో రూము మారమని మీకెవరూ చెప్పలేదా అని ఈ ఆదివారం రాత్రి మా ఆయన్ని అడిగాను. ఆయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "ఎందుకు మారాలి?" అన్నారు.

నాకు పట్టుకున్నది అక్కడే. మగపిల్లల సప్లీలు పెద్దయ్యాక తీపి గుర్తులు. 2007లో హ్యాపీ డేస్ సినిమా వచ్చినప్పుడు ఏడాది పిల్లని ఒళ్ళో పెట్టుకుని చూశాను. హాలంతా ఈలలు, వెనక వరసలో కుర్రాళ్ళు తమ కాలేజీ కబుర్లు సినిమా కంటే గట్టిగా చెప్పుకుంటున్నారు. ఆడపిల్లకి ఒక సంవత్సరం పోతే అది ఎవరూ గట్టిగా చెప్పుకోరు. ఊళ్ళో చుట్టాలకి తెలియకూడదు. సంబంధం మాట్లాడేటప్పుడు ఆ ఏడాది లెక్క ఎలా చెప్పాలా అని తల్లికి బెంగ. మచ్చ దానికే పరిమితం కాదు, పక్కన కూర్చున్న పిల్లకి కూడా అంటుకుంటుందన్నట్టు మనం మన పిల్లల్ని పక్కకి లాగేస్తాం. నాన్నలు లాగుతారు, నిజమే. కానీ ఎక్కువగా లాగేది మనమే, అమ్మలం. తల దువ్వుతూనో, ఫోన్లోనో, తాలింపు పెడుతూనో.

అసలే ఆడవాళ్ళ స్నేహాలకి ఆయువు తక్కువ. పెళ్ళవగానే ఊరు మారుతుంది, కొందరికి ఇంటిపేరు మారుతుంది, అప్పట్లో ఫోన్ నంబరు కూడా పుట్టింట్లోనే ఉండిపోయేది. మా ఆయన స్నేహితులు మా ఇంటికి వస్తారు. నా స్నేహితురాళ్ళు ఈ ఇరవై ఏళ్ళలో మా ఇంటికి వచ్చింది వేళ్ళ మీద లెక్క. మిగిలిన నాలుగు దారాల్లో ఒకదాన్ని కాలేజీలో ఉండగానే మనమే తెంపేస్తే ఎలా?

మా చెల్లితో ఇదంతా చెప్తే గయ్యిమంది. "నీకేం, కబుర్లు రాసుకుంటావు. లక్షలు కట్టి చదివిస్తున్నాం. ఆ పిల్ల రాత్రంతా ఫోన్లో ఉండే రకమైతే? క్లాసులెగ్గొట్టి తిరిగే రకమైతే? మన పిల్ల కూడా తిరిగితే?" దాని భయం ఉత్తది కాదు. అలాంటి పిల్లలూ ఉంటారు. మన పిల్లని నిద్రపోనివ్వకపోతే, తప్పుదారిలో తిప్పుతుంటే నేనూ రూము మార్చమనే చెప్తాను. అయితే దానికి ఆ పిల్ల ఎలాంటిదో చూడాలి, డిటైన్ లిస్టు చూస్తే సరిపోదు. పరీక్షలన్నీ పాసై రూములో నరకం చూపించే పిల్లలు లేరా? మా పక్క రూములో ఒకావిడ ఉండేది, యూనివర్సిటీ ర్యాంకుకి దగ్గరగా వచ్చేది, నోట్సు మాత్రం దిండు కింద పెట్టుకుని పడుకునేది.

నాకు సిగ్గనిపించింది ఏమిటంటే, మా అమ్మాయి రూమ్మేట్ ఎందుకు డిటైన్ అయ్యిందో నేను అడగనే లేదు. ఏడాదిన్నర నా కూతురి పక్క మంచం మీద పడుకున్న పిల్ల. నా చేతి పులిహోర తిన్న పిల్ల. సోమవారం నేనే మళ్ళీ ఫోన్ చేసి అడిగాను. డెంగీ వచ్చి నెల పోయిందట. తిరిగొచ్చాక లాబ్‌లు వెనకబడ్డాయి, వైవాలో ఏమడుగుతారో అని భయం, ఒకరోజు మానేసింది, మర్నాడు నిన్నెందుకు రాలేదంటారని భయం. అలా మంచం మీదే ఉండిపోయేదట. "నేను లేపేదాన్నమ్మా, వస్తా నువ్వెళ్ళు అనేది" అంది మా అమ్మాయి.

ఇలాంటి పిల్లని మొహం తెలియని వాళ్ళ మధ్య పడేస్తే ఏమవుతుంది? నిర్మల్ విషయంలో "ఒకే సిలబస్" అని నేను చెప్పిన సాకు కూడా తప్పే. ఆ సెమిస్టర్ నోట్సు, పాత ప్రశ్న పత్రాలు, రాసి దిద్దించుకున్న రికార్డులు ఉన్నది పై ఏడాది పిల్లల దగ్గరే కదా! ఏ ప్రయోగంలో ఏ తీగ ఊడిపోతుందో, ఏ సారు ఏమి అడుగుతారో వాళ్ళకే తెలుసు. ఇంకో మాట, మన పిల్లలకీ క్యాంపస్ పరీక్షల్లో అడిగేవి చాలావరకు ఆ రెండో ఏడాది పాఠాలే. ఒకసారి ఇంకొకరికి చెప్తే మనకి గట్టిపడతాయి. క్యారెట్టు కోసి చూపించిన పిల్ల డ్రాయింగ్‌లో మా నలుగురిలో ఫస్టు వచ్చింది మరి.

అందుకని సోమవారమే చెప్పాను, నిన్న నేనన్న మాట వదిలేయవే, నీకిష్టమైతే తనని మీ రూములోనే ఉంచమను అని. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, మేం శనివారమే ఉంచమని చెప్పేశాం. నువ్వేమంటావోనని ఊరికే అడిగా" అంది. ఒళ్ళు మండింది, ముందు. తర్వాత నవ్వొచ్చింది. దసరాకి తనని కూడా తీసుకురమ్మన్నాను. ఆ పిల్లకి వంకాయ పడదట, దురద. గుర్తు పెట్టుకోవాలి.

మా 2005 బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నిర్మల్ లేదు. తను పాసై బయటికొచ్చింది తర్వాతి ఏడాది. ఆ గ్రూపులో ఉందేమో అంటే, ఆ పిల్లలకి తను సీనియర్ అక్క. అటూ కాదు, ఇటూ కాదు. మిర్యాలగూడని అడిగితే ఎవరెవరినో పట్టుకుని మంగళవారం నంబరు పంపింది. కరీంనగర్లో ఉంటుందట, ఇద్దరు పిల్లలట. ఫోన్లో ఊరి పేరుతోనే సేవ్ చేసుకున్నాను. వాట్సాప్ బొమ్మలో తను లేదు, పెరట్లో బంతిపూల చెట్టు ఉంది.

నంబరు వచ్చి నాలుగు రోజులైంది. రెండుసార్లు తీశాను, ఎత్తితే మొదట ఏమనాలో తెలియక పెట్టేశాను. రేపు మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, పనమ్మాయి రాకముందు చేస్తాను. "ఖమ్మాన్నే" అంటాను. గుర్తుపడితే సరే, లేదంటే క్యారెట్టు సంగతి చెప్తాను.